బడి చెప్పిన ట్యాబే, బడి చెప్పిన ధరకే కొనాలట. మీ పిల్లల బడుల్లోనూ ఇంతేనా?

మియాపూర్_నాన్న
జూన్ 12న బడులు తెరుస్తారు. నిన్న సాయంత్రం మా అబ్బాయి బడి నుంచి సందేశం వచ్చింది. ఏడో తరగతిలోకి వచ్చిన ప్రతి విద్యార్థికీ ట్యాబ్ తప్పనిసరి. బయట కొన్నది పనికిరాదు, బడి కౌంటర్‌లోనే తీసుకోవాలి. ట్యాబ్ 21,500, ఏడాది పాఠాల లైసెన్సు 8,400, ‘రక్షణ పథకం’ 1,800, కవరూ స్టైలస్ కలిపి 1,600. మొత్తం 33,300 రూపాయలు. బడి ఫీజు వేరు, బస్సు వేరు. పుస్తకాలూ వేరే. ట్యాబ్ ఇచ్చినా అచ్చు పుస్తకాల సెట్టు మొత్తం కొనాల్సిందే.

అసలు బాధ అది కాదు. మా అమ్మాయి అదే బడిలో ఈ ఏడు తొమ్మిదికి వచ్చింది. రెండేళ్ల కిందట దానికీ ఇలాగే ట్యాబ్ కొనిపించారు. తొమ్మిది నుంచి పదో తరగతి పరీక్షలకు సిద్ధం చేస్తారు కాబట్టి ట్యాబ్ వాడరట. పరీక్షల చదువుకు అక్కరలేనిది ఏడులోనూ ఎనిమిదిలోనూ ఎందుకు తప్పనిసరి అయిందో ఎవరూ చెప్పరు. సరే, అక్క ట్యాబ్ తమ్ముడికి ఇస్తాం అన్నాం. కుదరదన్నారు. ఈ ఏడు కంపెనీ మారిందట.

ఆ పాత ట్యాబ్ ఇప్పుడు నా ముందే ఉంది. వెనక బడి పేరున్న స్టిక్కరు, కింద నంబరు. ఆన్ చేస్తే ‘ఈ పరికరం సంస్థ అధీనంలో ఉంది’ అని వచ్చి ఆగిపోతుంది. డబ్బు కట్టింది నేను, అధీనం సంస్థది. ఎవరైనా కొనం అని చెప్పి నెగ్గారా? ఏం చేశారో చెప్పండి.

సీతాఫల్‌మండి_77
మాకు ట్యాబ్ లేదు, ‘డిజిటల్ తరగతి ఫీజు’ అని ఏడాదికి 6,000. ఒకటో తరగతి పాపకి. తరగతి గోడకు పెద్ద తెర పెట్టారు. దాని మీద ఏం చూపించారమ్మా అని అడిగితే కుందేలు పాట అంటుంది. రోజూ అదే కుందేలు.

నిజాంపేట_అమ్మ
మా దగ్గర 29,000. కట్టేశాం. అబ్బాయి ఒక్కడే ట్యాబ్ లేకుండా కూర్చుంటే ఎలా అన్న భయంతోనే కట్టాం. వాళ్లకూ ఆ భయం సంగతి తెలుసు.

కోఠి_సెల్_దుకాణం
మియాపూర్_నాన్న గారూ, మీ సందేశంలో ట్యాబ్ మోడల్ నంబరు ఉందా? ఉంటే పెట్టండి. పదహారేళ్లుగా ఇదే వ్యాపారం, ధర చెప్పగలను.

మియాపూర్_నాన్న
సందేశంలో లేదు. కౌంటర్ దగ్గర పెట్టె మీద చూసి రాసుకొచ్చాను, మీకు విడిగా పంపాను.

కోఠి_సెల్_దుకాణం
చూశాను. అదే పెట్టె నా దుకాణంలో 13,499కి ఇస్తున్నాను, రసీదుతో, ఏడాది వారంటీతో. అందులో నా లాభమూ ఉంది. ఒక్కటి కాకుండా వంద తీసుకునే వాళ్లకు కంపెనీ ఇంకా తగ్గించి ఇస్తుంది.

మియాపూర్_నాన్న
అంటే ఒక్కో ట్యాబ్ మీద 8,000 తేడా. మా బడిలో ఏడో తరగతి నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు 35 మంది. 140 మంది పిల్లలకు 11,20,000 రూపాయలు. ఒక్క తరగతికే! నేను లెక్కల ఉద్యోగిని, రోజంతా ఇవే అంకెలు చూస్తాను. అయినా ఈ అంకె రాసుకున్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

లెక్కల_మాస్టారు
నేను ప్రైవేటు బడిలోనే పన్నెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, కాబట్టి లోపలి సంగతి కొంత చెప్పగలను. ఆ 8,000 అంతా యాజమాన్యానికే పోతుందని అనుకోకండి. ట్యాబ్‌లో తాళం వేసే సాఫ్ట్‌వేర్‌కు ఖర్చుంది, పాఠాల కంపెనీ మనిషి వచ్చి పోతుంటాడు, అతనికి జీతముంది. కొంత బడికీ మిగులుతుంది, దాచను.

గోడకు పెట్టే తెరల సంగతి వేరు. చాలా చోట్ల బడి రూపాయి కూడా ముందు పెట్టదు. కంపెనీయే తెరలు తెచ్చి బిగిస్తుంది, మూడేళ్లకో అయిదేళ్లకో ఒప్పందం, పిల్లవాడికి ఇంత అని ఏటా వసూలు. 2000ల చివర్లో ఎడ్యుకాంప్ కంపెనీ ‘స్మార్ట్‌క్లాస్’ ఈ పద్ధతిలోనే దేశమంతా పాకింది. ఆ కంపెనీ 2017లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పద్ధతి మాత్రం మిగిలింది. ఒప్పందంలో పిల్లల సంఖ్య ముందే రాసుకుంటారు కాబట్టి ‘మా అబ్బాయికి వద్దు’ అని మీరు అంటే బడి వినదు. మీరు కట్టకపోయినా కంపెనీకి బడి కట్టాలి.

తరగతిలో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. నలభై నిమిషాల పిరియడ్. 35 ట్యాబులు ఆన్ చేయించి, అందరినీ ఒకే పేజీకి తెచ్చేసరికి పది నిమిషాలు. నలుగురివి చార్జింగ్ ఉండవు. ఇద్దరు పాస్‌వర్డ్ మరిచిపోతారు. ఒకరిది ఎప్పుడూ అప్‌డేట్ అవుతూ ఉంటుంది. మిగిలిన అరగంటలో నేను చివరికి బోర్డు మీద సుద్దముక్కతోనే లెక్క చేస్తాను. ఎందుకంటే భిన్నాల కూడిక తెర మీద చూస్తే అర్థమైనట్టు ఉంటుంది, చేత్తో చేస్తేనే వస్తుంది.

పుస్తకాల_బరువు
మాస్టారు గారు చెప్పినదంతా నిజమే అయినా అందరం ఒక్క గొంతుతో తిట్టేయకండి. మా అమ్మాయికి చూపు మందం. అయిదో తరగతి దాకా పుస్తకం ముక్కుకు ఆనించుకుని చదివేది. సాయంత్రానికి మెడ నొప్పి, కళ్ల నీళ్లు. ఆరులో ట్యాబ్ వచ్చింది. అక్షరాలు బొటనవేలంత చేసుకుని చదువుతోంది. తరగతిలో మొదటిసారి తనే చెయ్యెత్తి పాఠం చదివిందని టీచరు ఫోను చేసి చెప్పింది. ఆ రోజు మా అత్తగారు దేవుడి దగ్గర దీపం పెట్టి, ట్యాబ్‌కు కూడా పసుపు బొట్టు పెట్టారు. కెమెరా మీద! తుడవడానికి నాకు మనసు రాలేదు, రెండు రోజులు అలాగే ఉంచాం.

27,000 కట్టాం. ఏడుస్తూ కట్టలేదు.

సీతాఫల్‌మండి_77
పుస్తకాల_బరువు గారూ, ఆ బొట్టు సంగతి చదివి మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం. పాపకు మంచి జరగాలి.

మియాపూర్_నాన్న
మీ అమ్మాయి సంగతి చదివి సంతోషమేసింది. ట్యాబ్ వద్దు అనడం లేదండీ. మీ అమ్మాయికి కావలసింది పెద్ద అక్షరాలు. అవి 13,499 రూపాయల ట్యాబ్‌లోనూ వస్తాయి, చెల్లెలికి ఇచ్చిన అక్క ట్యాబ్‌లోనూ వస్తాయి. నా గొడవ ఎక్కడ కొనాలో, ఎంతకు కొనాలో బడి శాసించడం మీద.

పుస్తకాల_బరువు
అది ఒప్పుకుంటాను.

కుట్టుమిషన్_బెజవాడ
నేను బట్టలు కుడతాను. మా పెద్దవాడు చదివే బడిలో పోయినేడు ట్యాబ్ అడిగారు. ఒకేసారి కట్టలేనంటే, వాయిదాల కంపెనీ మనిషి బడిలోనే బల్ల వేసుకుని కూర్చున్నాడు, అక్కడ సంతకం పెట్టమన్నారు. ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, మూడు ఖాళీ చెక్కులు. నాకు చెక్కు పుస్తకమే లేదు. చివరికి కమ్మలు కుదువ పెట్టి 24,000 తెచ్చాను, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఇంకా విడిపించలేదు. నెలకు 480 వడ్డీయే కడుతున్నాను.

చిన్నది విద్యాహక్కు చట్టం కింద ఉచిత సీటు వచ్చి వేరే ప్రైవేటు బడిలో చదువుతోంది. ఈసారి దానికీ ‘డిజిటల్ కిట్’ 5,500 అడిగారు. ఉచితం అంటే ఫీజు ఒక్కటేనట. ఇది నిజమేనా? ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

వకాలతు_నామా
కుట్టుమిషన్_బెజవాడ గారూ, చెల్లెమ్మా, ఆ 5,500 కట్టకండి. ముందు కాగితం మీద అడగండి. 2009 విద్యాహక్కు చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది, ప్రాథమిక విద్య పూర్తి కావడానికి అడ్డమయ్యే ఏ ఫీజూ, చార్జీ, ఖర్చూ పిల్లల మీద వేయకూడదని. 12(1)(సి) కింద, అంటే ప్రైవేటు బడిలో ఉచిత సీటులో, చేరిన పిల్లల ఖర్చును సర్కారు బడికి తిరిగి చెల్లించే ఏర్పాటు 12(2)లో ఉంది. 2020 సెప్టెంబరు 18న ఢిల్లీ హైకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. ఆన్‌లైన్ తరగతులు నడిపే ప్రైవేటు బడులు పేద పిల్లలకు పరికరమూ ఇంటర్నెట్టూ ఇవ్వాలి, ఆ ఖర్చు సర్కారు నుంచి రాబట్టుకోవాలి అంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలు ఆపింది, ఆ సంగతీ చెప్పాలి. అయినా చట్టంలోని 3వ సెక్షన్‌ను ఎవరూ ఆపలేదు.

మీ మండల విద్యాధికారికి అర్జీ ఇవ్వండి. రెండు నకళ్లు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. ఆ ముద్ర లేకపోతే అర్జీ ఇవ్వనట్టే.

ఇక మియాపూర్_నాన్న గారికి. 1994 జనవరి 1 నాటి జీవో 1 ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది. ప్రైవేటు బడి ఆదాయంలో యాజమాన్యం తీసుకోదగ్గది 5 శాతమే, సగం జీతాలకు పోవాలి అని అందులో ఉంది. కాగితం మీద గట్టి నిబంధనే. లెక్కలు అడిగే నాథుడు లేడు. మరో సంగతి, 2024 మే నెలలో ఢిల్లీ హైకోర్టు ముందు ఒక తండ్రి, తరగతి గదిలో ఏసీకి నెలకు 2,000 వసూలు చేస్తున్నారని వ్యాజ్యం వేశారు. ఏసీ ఖర్చు తల్లిదండ్రులే భరించాలి, అది ల్యాబ్ ఫీజు, స్మార్ట్ క్లాస్ ఫీజు లాంటిదే అని కోర్టు కొట్టేసింది. అంటే స్మార్ట్ క్లాస్ ఫీజు మన నెత్తినే అని కోర్టు ముందే అనుకున్నది. అందుకని ‘ఫీజు ఎందుకు’ అని కాకుండా ‘మీ దగ్గరే ఎందుకు కొనాలి, సరైన బిల్లు ఎందుకు ఇవ్వరు’ అన్న దారిలో వెళ్లడం మేలు.

మియాపూర్_నాన్న
బిల్లు మాట అన్నారు కాబట్టి చెబుతున్నాను. అమ్మాయి ట్యాబ్ తీసుకున్నప్పుడు ఇచ్చిన రసీదు వెతికి తీశాను. ‘అభ్యాస సామగ్రి’ అని ఒకే ఒక్క వరుస. ట్యాబ్ కంపెనీ పేరు లేదు, మోడల్ లేదు, జీఎస్టీ నంబరు లేదు.

వకాలతు_నామా
అదే పట్టుకోండి. ట్యాబ్ మీద 18 శాతం పన్ను. 21,500లో దాదాపు 3,280 పన్నే. మీ దగ్గర తీసుకున్న ఆ డబ్బుకు పన్ను బిల్లు అడగడం మీ హక్కు.

కాగితం_పడవ
2025 సెప్టెంబరు 22 నుంచి పిల్లల నోటు పుస్తకాల మీద పన్ను 12 శాతం నుంచి సున్నాకు తెచ్చారు. పెన్సిళ్లు, రబ్బర్లు కూడా సున్నా. అదే పిల్లవాడు అదే లెక్క ట్యాబ్ మీద చేస్తే 18. బడి తప్పనిసరి అన్నాక అది కూడా పలకే కదా. పలక మీద పన్నేమిటి?

వరంగల్_కోట
ట్యాబ్ గొడవ పెద్ద పట్నాలది. మా దగ్గర ఫోనే ట్యాబ్. హోంవర్కు వాట్సాప్‌లో, మార్కులు యాప్‌లో, ఫీజు యాప్‌లో. వారానికి రెండు మూడు సార్లు ‘వర్క్‌షీట్’ అని ఫైలు పంపుతారు, తెల్లారేసరికి ప్రింటు తీయించి అతికించి పంపాలి. రాత్రి తొమ్మిదింటికి వస్తుంది ఫైలు! మా వీధి చివర జిరాక్స్ షాపులో రంగు పేజీ పది రూపాయలు. షాపాయన షట్టరు సగం దించి ఉంచుతాడు, వచ్చేది మేమేనని అతనికి తెలుసు. పోయిన నెల లెక్క రాసుకున్నాను, ఇద్దరు పిల్లలకు 640 రూపాయలు. ఫీజులో ఈ కాగితం ఖర్చు ఎక్కడా కనిపించదు. బడి తన జిరాక్స్ ఖర్చు మా ఇంటికి పంపించింది, అంతే.

నిజాంపేట_అమ్మ
ఈ జిరాక్స్ సంగతి ఎవరైనా అంటారా అని చూస్తున్నాను. మా ఇంట్లో చివరికి ప్రింటరే కొన్నాం, 12,000. ఇంకు అయిపోయిన రోజే సైన్సు ప్రాజెక్టు ఉంటుంది.

ప్లానో_రాజు
అమెరికా నుంచి. ఇక్కడ మా అబ్బాయి ప్రభుత్వ బడిలో క్రోమ్‌బుక్, అంటే గూగుల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ల్యాప్‌టాప్, బడే ఇస్తుంది, ఏడాది చివర తిరిగి ఇచ్చేయాలి. పగిలితే బాగు ఖర్చు మనది, అందుకని ఏటా కొంత బీమా కడతాం. ఉచితం అనుకోకండి, ఇంటి పన్నులో బడి వాటాయే పెద్దది. హైస్కూలుకు వచ్చాక గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ కొనమన్నారు. టీఐ-84, నూరు డాలర్లకు పైనే. ఆ వరస 2004లో మొదలైంది. ఫోన్లు పది తరాలు మారినా అది అదే ధరకు అమ్ముడవుతూ ఉంది, ఎందుకంటే టీచర్లు నేర్పేది ఆ మీటలతోనే. ఒక వస్తువును బడి తప్పనిసరి చేసిందంటే దాని ధర ఇక దిగదు, ఏ దేశంలోనైనా.

ఒక్క మంచి మాట. క్రోమ్‌బుక్‌లకు అప్‌డేట్‌లు ఆగిపోయి, బాగున్న యంత్రాలే మూలన పడుతున్నాయని ఇక్కడ పెద్ద గొడవ జరిగింది. 2023లో గూగుల్ అప్‌డేట్‌లు ఇచ్చే గడువు పదేళ్లకు పెంచింది. అడిగితే జరుగుతుంది అనడానికి చెబుతున్నాను.

లెక్కల_మాస్టారు
ప్లానో_రాజు గారూ, మీ దగ్గర అడగడానికి బడి బోర్డు ఉంది, ఎన్నికలున్నాయి. ఇక్కడ తండ్రి అడిగితే ‘నచ్చకపోతే టీసీ తీసుకోండి’ అంటారు. నేను విన్నాను ఆ మాట, నా ఎదుటే అన్నారు.

మెల్‌బోర్న్_వాణి
ఇక్కడ మా అమ్మాయి బడిలో తల్లిదండ్రులే కొనాలి. తెర ఇంత ఉండాలి, బ్యాటరీ ఇంతసేపు రావాలి అని జాబితా ఇస్తారు. ఏ దుకాణంలోనైనా కొనుక్కోవచ్చు, వాడినదైనా పరవాలేదు. మా పెద్దమ్మాయి ఐప్యాడ్ చిన్నది వాడుతోంది, మూల కొంచెం సొట్ట. బడి ఏమీ అనలేదు. మియాపూర్_నాన్న గారు అడుగుతున్నది ఇంతే కదా.

గుంటూరు_పల్లె
మా ఇంట్లో సర్కారు ట్యాబ్ ఉంది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి మొదలుపెట్టిన పంపిణీలో వచ్చింది. రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి అయిదు లక్షలకు పైగా ఇచ్చారు, బైజూస్ పాఠాలు లోపలే నింపి. మా పెద్దవాడికి రూపాయి ఖర్చు లేదు. తెచ్చిన రోజు కవరు విప్పకుండా అమ్మమ్మకు చూపించి వచ్చాడు.

ఎనిమిది నెలలు బాగుంది. తర్వాత ఎడ్ల కొట్టం దగ్గర జారి పడి గాజు పగిలింది. తెర మార్చడానికి తెనాలిలో 5,200 అడిగారు. మా ఆయన పది రోజుల కూలి! పగిలిన దాని మీదే ప్లాస్టిక్ అతికించి పది పాసయ్యేదాకా వాడాడు. వేలికి గీసుకుంటుందని బ్యాండేజీ చుట్టుకునేవాడు. ఊరికే ఇచ్చినదానికి కూడా ఖర్చుంటుంది అని చెప్పడానికి రాశాను. ఇవ్వడం తప్పు అనను, మా వాడు జీవశాస్త్రం బొమ్మలన్నీ దానిలోనే నేర్చుకున్నాడు. బాగు చేసే చోటు మండలానికి ఒకటి పెట్టి ఉంటే బాగుండేది.

కాగితం_పడవ
ఆ పాఠాల కంపెనీ మీద 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. ట్యాబ్ ఉంటుంది, లోపలి పాఠం ఎవరిదో తెలియదు.

గుంటూరు_పల్లె
లోపల మెమరీ కార్డులో ఉన్నవి ఇప్పటికీ వస్తున్నాయి. చెల్లెలు చూస్తోంది.

కోఠి_సెల్_దుకాణం
ఇదే నేను చెప్పాలనుకుంటున్నది. సర్కారు ట్యాబ్ అన్న నుంచి చెల్లెలికి పోయింది. మియాపూర్_నాన్న గారిది పోలేదు. తేడా తాళంలో ఉంది.

దీన్ని మా దుకాణాల్లో ఎండీఎం (మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్) అంటాం. పరికరం నంబరు కంపెనీ సర్వర్‌లో నమోదై ఉంటుంది. మొత్తం చెరిపేసి కొత్తగా మొదలుపెట్టినా ఇంటర్నెట్ తగలగానే మళ్లీ తాళం పడుతుంది. పిల్లలు ఆటలు ఆడకుండా, చెత్త చూడకుండా ఈ తాళం మంచిదే, నేనూ ఇద్దరు పిల్లల తండ్రినే. కానీ చదువు అయిపోయాక ఆ నంబరును జాబితాలోంచి తీసేయడం వాళ్లకు నిమిషం పని. తీయరు. ప్రతి ఏప్రిల్‌లో ఇలాంటివి పాతిక ముప్పై నా కౌంటర్ మీదికి వస్తాయి. ‘తాళం తీసి పెట్టన్నా’ అంటారు. దొంగ సొత్తుకూ ఇదే తాళం ఉంటుంది కాబట్టి నేను ముట్టుకోను. వెనక్కి పంపేస్తాను. తల్లులు దాన్ని మళ్లీ చీర కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుని వెళతారు.

కంపెనీ ఉన్నప్పుడే తాళం తీయించుకోండి. మూతపడ్డాక తీసే దిక్కుండదు. బడికి రాసే ఉత్తరంలో వెనక స్టిక్కరు మీది నంబరు వేసి ‘జాబితా నుంచి తొలగించండి’ అని అడగండి.

మియాపూర్_నాన్న
ఈ ఒక్క మాట కోసమే ఇక్కడ రాసినందుకు ఫలితం దక్కింది. మీకు రుణపడి ఉన్నాను.

పెద్దబడి_పంతులు
ప్రభుత్వ బడిలో ప్రధానోపాధ్యాయుడిగా చేసి విరమించాను. 2023లో యునెస్కో విద్యా నివేదిక మొత్తం ఈ సాంకేతికత మీదే వచ్చింది. పెరూ దేశంలో పది లక్షల ల్యాప్‌టాప్‌లు పంచారు, పాఠం చెప్పే తీరులో వాటిని కలపలేదు, చదువు మెరుగుపడలేదు అని అందులో రాశారు. అదే ఏడాది స్వీడన్ ప్రభుత్వం బడులకు అచ్చు పుస్తకాలు కొనడానికి 68.5 కోట్ల క్రోనార్లు కేటాయించింది. డబ్బున్న దేశం, అన్నీ తెరల మీద పెట్టి చూసి, వెనక్కి వచ్చి పుస్తకం కొంటోంది. మన బడులు ముందుకు పోతున్నామని ఎవరిని చూసి అనుకుంటున్నాయో నాకు తెలియదు.

తరగతిలో ఒక మంచి తెర, దాన్ని వాడడం తెలిసిన ఒక టీచరు. గుండె కొట్టుకోవడం, అగ్నిపర్వతం, భూమి తిరగడం, ఇలాంటివి చూపించడానికి అది చాలు. పిల్లవాడికొకటి ఎందుకు?

నిజాంపేట_అమ్మ
ఇదంతా 2020లో మొదలైంది. అప్పుడు తప్పలేదు. తెలంగాణ ప్రభుత్వం కూడా సెప్టెంబరు 1 నుంచి టీవీలో, తన టీశాట్ చానళ్లలోనూ దూరదర్శన్ యాదగిరిలోనూ, పాఠాలు పెట్టింది. కరోనా పోయింది, కొనిపించే అలవాటు పోలేదు.

సీతాఫల్‌మండి_77
మరి ఆ ఏడాది జీవో 46 వచ్చింది కదా, ట్యూషన్ ఫీజు ఒక్కటే నెలనెలా తీసుకోవాలని. మా బడి మిగతా ఫీజులన్నీ ట్యూషన్ ఫీజు కింద కలిపేసి అదే జీవో చూపించింది.

లెక్కల_మాస్టారు
మియాపూర్_నాన్న గారూ, ఒంటరిగా వెళ్లకండి. ఒక్కరు వెళితే ఆ ఒక్క పిల్లవాడిని గుర్తుపెట్టుకుంటారు. ముప్పై మంది వెళితే ఎవరినని గుర్తుపెట్టుకుంటారు? కోపంగా కాదు, కాగితంతో వెళ్లండి. మూడే అడగండి. బయట కొన్నది ఒప్పుకోవాలి, పాతవాటి తాళం తీయాలి, సరైన బిల్లు ఇవ్వాలి. ఎక్కువ అడిగితే వాళ్లు తేలికైనది ఒప్పుకుని మిగతావి దాటేస్తారు.

మియాపూర్_నాన్న
సరే మాస్టారూ. బస్సు దగ్గర కలిసే తల్లిదండ్రుల వాట్సాప్ గుంపు ఉంది, అక్కడ మొదలుపెడతాను.

మియాపూర్_నాన్న
వారం తర్వాత మళ్లీ రాస్తున్నాను. 140 మందిలో 37 మంది సంతకం పెట్టారు. చాలామంది ఫోనులో ‘మీరు చేస్తున్నది మంచి పని’ అన్నారు, సంతకం మాత్రం పెట్టలేదు. వాళ్లను తప్పుపట్టను, ఆ భయం నాకూ ఉంది. నిన్న తొమ్మిది మందిమి ప్రిన్సిపల్‌ను కలిశాం. మొదట అరగంట కూర్చోబెట్టారు. తర్వాత యాజమాన్యం మనిషి వచ్చి ‘భద్రత’ అన్నారు, ‘ఏకరూపత’ అన్నారు. ఒక తల్లి లేచి, ఆమె నర్సు, రాత్రి డ్యూటీ చేసి తిన్నగా వచ్చారు, ‘పన్ను బిల్లు ఇస్తే ఇప్పుడే కట్టి వెళతాను’ అని బ్యాగులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టారు. అయిదు వందల నోట్ల కట్ట, దానికి రబ్బరు బ్యాండు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ డబ్బు వాళ్లు తీసుకోలేదు!

చివరికి తేలింది ఇది. తగిన మోడల్ అయితే బయట కొన్నదీ, ఇంట్లో ఉన్నదీ ఒప్పుకుంటారు, తాళం సాఫ్ట్‌వేర్‌కు 900 కట్టాలి. పాత ట్యాబుల నంబర్ల జాబితా ఇస్తే తాళం తీయిస్తారు. లైసెన్సు 8,400లో పైసా తగ్గదు. ‘రక్షణ పథకం’ ఇష్టమైతేనే. బిల్లు సంగతి ‘చూస్తాం’ అన్నారు.

వకాలతు_నామా
నోటిమాటగానా, రాసి ఇచ్చారా?

మియాపూర్_నాన్న
నోటిమాటే. ఇవాళ ఉదయం మేమే ఈమెయిల్ రాశాం, ‘నిన్న మీరు ఒప్పుకున్నవి ఇవి’ అని. జవాబు రాలేదు. కాదని కూడా రాలేదు. కానీ మధ్యాహ్నం మా అమ్మాయి ట్యాబ్ ఆన్ చేస్తే మామూలుగా తెరుచుకుంది. తమ్ముడు అప్పటి నుంచి వెనక స్టిక్కరు గోటితో గీకుతున్నాడు. సగం ఊడింది, నంబరు ఇంకా ఉంది.

కోఠి_సెల్_దుకాణం
గోరు వద్దు. కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఉంచమనండి. ముందు నంబరు ఫొటో తీసి పెట్టుకోండి.

వరంగల్_కోట
ఆ ఉత్తరం నకలు ఇక్కడ పెట్టండి. బడి పేరు తీసేసి. మేము జిరాక్స్ ఖర్చు మీద అలాంటిదే రాస్తాం.

మియాపూర్_నాన్న
రాత్రికి పెడతాను.

కుట్టుమిషన్_బెజవాడ
వకీలు అన్నా, మీరు చెప్పినట్టే మండల విద్యాధికారి ఆఫీసుకి వెళ్లాను. అర్జీ తీసుకున్నారు, ముద్ర వేసి ఇచ్చారు. బడికి ఫోను చేస్తామన్నారు. శుక్రవారం చిన్నదాన్ని తరగతిలో కూర్చోబెట్టారు, కిట్ అడగలేదు. కట్టనక్కరలేదని కూడా చెప్పలేదు. మళ్లీ అడిగితే ఏం చేయను?

వకాలతు_నామా
అడిగితే కాగితం మీద రాసి ఇవ్వమనండి. రాసి ఇస్తే అది నాకు పంపండి. ముద్ర వేసిన నకలు ఇంట్లో జాగ్రత్త, దాన్ని ఎవరికీ ఇవ్వకండి, అడిగితే జిరాక్స్ ఇవ్వండి.

కుట్టుమిషన్_బెజవాడ
బియ్యం డబ్బా అడుగున పెట్టాను.